చిల్లు చెంబు మీద వేలు

రాంగోపాల్‌పేట్‌లో మోటార్లు, పంపులు అమ్మే షాపు ఒకటి ఉంది. దాని పైన రెండో అంతస్తులో ఒక గేమ్ కంపెనీ ఉంది. కింద పైపుల్లో లీకులు వెతుకుతారు, పైన కంప్యూటర్లలో లీకులు వెతుకుతారు. కిందవాళ్ల పని తేలిక. పైపుకి సబ్బు నురగ రాస్తారు, బుడగ లేచిన చోట వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అంటారు. పైన అలా కాదు. ముందు మనిషి మీద వేలు పెడతారు, ఆ తర్వాత తీరిగ్గా లీకు వెతుకుతారు. చాలాకాలం ఆ మనిషి కిషన్.

కిషన్‌ది చిలకలగూడ. నలభైకి దగ్గరపడ్డాడు. కంపెనీ మొదలైన రోజు నుంచీ అక్కడే ఉన్నాడు. ఆటని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని ఇంజన్ అంటారు; అందరూ వాడే ఇంజన్లు వద్దు, మన ఇంజన్ మనమే రాసుకుందాం అని యజమాని సత్యదేవ్‌కి అప్పట్లో ఒక ఊపు వచ్చింది. ఊపు సత్యదేవ్‌ది, రాయడం కిషన్‌ది. ఇంజన్‌లో పెద్ద ముక్క ఎడిటర్. ఎడిటర్ అంటే ఆట ఆడే తెర కాదు, ఆట తయారుచేసే తెర. వాళ్ల ఆటలో సిటీ బస్సు నడపాలి. డిజైనర్లు ఎడిటర్‌లో ఒక రోడ్డు తెరుస్తారు, దాని మీద చెట్లూ హోర్డింగులూ బస్టాపులూ పానీపూరీ బండ్లూ పెడతారు, నచ్చకపోతే తీసేస్తారు, రోడ్డు మూసేసి ఇంకో రోడ్డు తెరుస్తారు. రోజంతా ఇదే పని.

ఆ ఎడిటర్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కిషన్ గొప్ప అదే, గొయ్యీ అదే. రెండుసార్లు వేరే కంపెనీలకి ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఒకచోట కుర్రాడు నవ్వి, "మీ ఇంజన్ పేరు ఎక్కడా వినలేదండీ" అన్నాడు. ఇంకోచోట నవ్వను కూడా నవ్వలేదు. అంటే ఈ ఉద్యోగం పోతే కిషన్‌కి తెలిసిన పనంతా పోయినట్టే. మిగిలేది తండ్రి సోమయ్య టెంట్ హౌస్. సోమయ్య ఆ సంగతి మరిచిపోనిచ్చే మనిషి కాదు. పొద్దున్నే కొడుకు బ్యాగు తగిలించుకుని గడప దాటుతుంటే అరుగు మీద నుంచి అనేవాడు: "పోరా పోరా, కంప్యూటర్ల కుర్చీ ఉన్నన్ని దినాలు పో. అది గుంజుకున్ననాడు రా, కుర్చీలు మోసెటందుకు మనిషి కావాలె నాకు. తిండి పెడ్త."

మెమరీ లీక్ అంటే ఏమిటో కిషన్ ఒకసారి తన భార్య సుకన్యకి ఆ కుర్చీలతోనే చెప్పాడు.

"ఫంక్షన్ ఉందని మనకాడికెళ్లి కుర్చీలు తీస్కపోతరా? అయిపోయినంక వాపస్ ఇయ్యాలె. ఇయ్యకుంటే ఏమైతది? ఇంకో ఫంక్షన్‌కి ఇంకొన్ని పోతయ్. గట్ల పోంగ పోంగ గోదాం ఖాళీ. ఆఖరికి పెండ్లికొడుకు సుత నిలవడుడే."

"మరి గన్ని కుర్చీలు ఏడికి పోయినయ్?"

"ఏడికీ పోలే. ఎవడో పట్టుకొని కూసున్నడు. ఆడు పట్టుకున్నట్టు ఆనికే యాదుండది. గదే లీకు."

ఎడిటర్‌కి సరిగ్గా అదే రోగం వచ్చింది. పొద్దున తేలిగ్గా ఉండేది. రోడ్డు తెరిచి మూసిన కొద్దీ బరువెక్కేది. మూసేసిన రోడ్డు మెమరీలోంచి పోవాలి, పోయేది కాదు. లంచ్ దాటాక తెర గడ్డకట్టేది, తర్వాత మాయమయ్యేది. సేవ్ చేయని పనంతా దాంతోపాటే పోయేది.

డిజైనర్ల హెడ్ అభిరామ్. నోరు మంచిది కాదు, కానీ అతను నోరు తెరిస్తే ఆఫీసంతా నవ్వుతుంది కాబట్టి అది మంచి నోరే అని అందరూ ఒప్పుకున్నారు. ఎడిటర్ మొదటిసారి పడిపోయిన వారంలోనే అభిరామ్ మోండా మార్కెట్‌కి వెళ్లి ఒక స్టీలు చెంబు కొనుక్కొచ్చాడు. కింద పంపుల షాపులో ఇచ్చి అడుగున డ్రిల్లుతో చిల్లు వేయించాడు. వాళ్లు దాన్ని చాలా శుభ్రంగా వేశారు, అంచు కూడా గీకి నున్నగా చేశారు. అప్పటి నుంచి ఆఫీసులో ఒక ఆచారం మొదలైంది. ఎడిటర్ పడగానే చెంబు నిండా నీళ్లు పోసి, లీక్ ఎవరిదని అనుకుంటే వాళ్ల చేతికిస్తారు. వాళ్లు చిల్లు మీద వేలు పెట్టి పట్టుకోవాలి. అందరి ఎడిటర్లూ మళ్లీ తెరుచుకునేదాకా వేలు తీయకూడదు.

ఎడిటర్ రాసింది కిషన్, కాబట్టి చెంబు కిషన్‌ది.

"భాయ్, వేలు తియ్యకు! కింద షాపు మునుగుతది!"

"కిషన్ భాయ్, నీ కోడ్ కన్నా నీ వేలు నయం. అదొక్కటే లీకు ఆపుతోంది."

మొదట్లో కిషన్ కూడా నవ్వాడు. నవ్వకపోతే వదలరని తెలుసు. నవ్వినా వదల్లేదు. ఒక చేత్తో చెంబు, ఇంకో చేతి వేలు దాని అడుగున. టైపు చేయడానికి చెయ్యి మిగలదు. అంటే లీకు వెతకాల్సిన మనిషి, లీకు వల్ల, లీకు వెతకలేకపోయేవాడు. ఇది ఎవరికీ తట్టలేదని కాదు. తట్టింది, అదే జోకు. క్రమంగా అతని పేరు చెంబు భాయ్ అయింది. కొత్తగా చేరినవాళ్లకి అసలు పేరు తెలియడానికి కొన్నాళ్లు పట్టేది.

అలా కొత్తగా చేరిన వాళ్లలో దేవిశ్రీ ఒకత్తె. కాకినాడ వైపు నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడిన కుటుంబం. చదువు అవగానే ఇక్కడ చేరింది, ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఎడిటర్‌లో ప్రతి వస్తువుకీ ఒక బుల్లి బొమ్మ కనిపిస్తుంది, చెట్టుకి చెట్టు బొమ్మ, బండికి బండి బొమ్మ. ఆ బొమ్మలు పుట్టించే కోడ్ ఆమె రాసింది. అది రాయడానికి కిషన్ పాత కోడ్ మొత్తం చదివింది. అంతకుముందు దాన్ని చదివిన మనిషి లేడు. చదువుతూ చదువుతూ ఒకరోజు పగలబడి నవ్వింది.

"అన్నా, ఇదేంటన్నా? అందరూ ఇంగ్లీషులో పేర్లు పెడతారు. మీరు 'ఉండనీ' అని పెట్టారు?"

కిషన్ సిగ్గుపడ్డాడు. "గదా... ఈ డిజైనర్లు చెట్టు తీసేస్తరు, మళ్ల వచ్చి భాయ్ నా చెట్టు వాపస్ కావాలె అని ఏడుస్తరు. అందుకని తీసేసినయన్నీ ఒకతాన దాస్తున్న. ఉండనీ, ఎప్పుడన్న అడుగుతరని. పేరు ఏం పెట్టాలో తోచలే, గదే పెట్టిన."

"మా అమ్మ స్వీటు డబ్బాలు దాచినట్టు! రిబ్బన్లతో సహా ఉంటాయి మా ఇంట్లో."

"రోడ్డు మూసినంక ఖాళీ అయితదమ్మా. అట్లనే రాసిన."

అలాగే రాశానని అతని నమ్మకం. ఏళ్ల కిందటి నమ్మకం. నమ్మకం కాబట్టి తెరిచి చూడలేదు.

దేవిశ్రీ ఒక్కతే అతన్ని అన్నా అని పిలిచేది. లంచ్‌లో డబ్బా మూతలో అతనికి కాస్త ఆవకాయ అన్నం పెట్టేది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు కింద షాపులో పైపులకి పూసే సీల్ ముద్ద అడిగి తెచ్చి చెంబు చిల్లు పూడ్చేసింది. ఆ మధ్యాహ్నం చెంబు చేతికిచ్చినప్పుడు నీళ్లు కారలేదు. కిషన్ అలవాటు కొద్దీ వేలు పెట్టుకునే ఉన్నాడు, చాలాసేపటికి గానీ గమనించలేదు. అభిరామ్ గమనించాడు. స్క్రూ డ్రైవర్ పెట్టి ఆ ముద్దని పొడిచి తీసేశాడు. "ఎవర్రా ఈ పుణ్యాత్ములు? దొరికితే ఇద్దరికీ కలిపి బకెట్ ఇస్తా" అన్నాడు. అందరూ నవ్వారు. దేవిశ్రీ తెరలోకి చూస్తూ కూర్చుంది.

ఇంతలో డెమో వచ్చిపడింది. ఎడిటర్‌ని కొనడానికి ఒక విదేశీ కంపెనీ ముందుకొచ్చింది. ఆటని కాదు, ఎడిటర్‌నే. సోమవారం వాళ్లు చూస్తారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్ల ఎదుటే పని చేసి చూపించాలి. మధ్యాహ్నానికి పడిపోయే ఎడిటర్‌ని సాయంత్రం దాకా ఎవరు చూపిస్తారు?

సత్యదేవ్ అందర్నీ పిలిచాడు. అతను గొంతు పెంచే మనిషి కాదు. నెమ్మదిగా, మంచినీళ్లు అడిగినట్టు అడుగుతాడు.

"చూడండి. శుక్రవారానికి లీక్ పోవాలి. లేదంటే లీక్ చేసినవాళ్లు పోవాలి. రెండిట్లో ఏదో ఒకటి నేను సోమవారం చెప్పుకోవాలి కదా. కిషన్, నీకు అర్థమైంది కదమ్మా?"

కిషన్‌కి అర్థమైంది. ఆ సాయంత్రం ఆలుగడ్డ బావి బ్రిడ్జి కింద నుంచి ఇంటికి నడుస్తుంటే తండ్రి పద్ధతి ఒకటి గుర్తొచ్చింది. సోమయ్య కుర్చీలు ఇచ్చేటప్పుడు ప్రతి దొంతరలో పై కుర్చీ వీపు మీద సుద్దముక్కతో తీసుకునేవాళ్ల పేరు రాస్తాడు. అంత పెద్దగా, ఫంక్షన్‌కి వచ్చినవాళ్లందరికీ కనపడేలా రాస్తాడు. "పేరుంటే భయముంటది, భయముంటే కుర్చీ ఉంటది" అనేది అతని సూత్రం.

ఒకసారి బుచ్చమ్మ అనే ఆవిడ పేరు మీద పోయిన కుర్చీలు కొన్ని తిరిగి రాలేదు. సోమయ్య సరిగ్గా ఆవిడ కూతురి సీమంతం నాడు వెళ్లాడు. పేరంటాళ్లందరి ముందు, "పేరు నీదే ఉన్నది, కుర్చీలు ఏడవెట్టినవ్ చెప్పు" అని కేకలేశాడు. ఒక ముసలమ్మని లేపి ఆవిడ కింది కుర్చీ తీసుకుని ఆటోలో వేసుకొచ్చాడు. కూతురు చేతినిండా గాజులతో ఏడుస్తూ నిలబడిందట. ఆ కుర్చీలు తర్వాత పక్క గల్లీవాళ్ల మేడ మీద దొరికాయి. బుచ్చమ్మ తిరిగి పంపించినవే, దారిలో వాళ్లు దించుకున్నారు. "జెర పొయ్యి ఆమెకి చెప్పరాదె?" అని సుకన్య అడిగితే సోమయ్య ఆశ్చర్యపోయాడు. "ఎందుకు? కుర్చీలు వచ్చినయి గద."

కిషన్ ఆ సుద్దముక్కని ఎడిటర్‌లోకి తెచ్చాడు. మెమరీలో ఎవరి కోడ్ ఏ ముక్క తీసుకున్నా దాని వీపు మీద ఆ మనిషి పేరు పడేలా ఒక చిన్న టూల్ రాశాడు. రోడ్లన్నీ మూసేశాక కూడా ఇంకా మిగిలి ఉన్న ముక్కల మీద ఎవరి పేరు ఉంటే వాళ్లది లీకు. నిజం చెప్పాలంటే చాలా అందమైన టూల్. అతను రాసినవాటిలో అదే మేలైనది. శుక్రవారం పొద్దున నడిపించి చూశాడు. మిగిలిన ముక్కల్లో సగానికి పైగా బుల్లి బొమ్మలే. వాటన్నిటి వీపు మీదా ఒకే పేరు ఉంది, దేవిశ్రీ.

కిషన్ ఆమెనే పిలిచి చూపించాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని తెర చూసింది. ముఖం పాలిపోయింది, కానీ బుర్ర ఆగలేదు.

"అన్నా, తీసుకున్నది నేనే. బొమ్మలు పుట్టించేది నా కోడే కదా, నా పేరే ఉంటుంది. కానీ నేను వదిలేస్తున్నానన్నా, చూడండి, ఇదిగో ఈ లైను. నేను వదిలేసినా అవి పోవట్లేదంటే ఇంకెవరో పట్టుకుని ఉన్నారు. మీరు తీసుకున్నవాళ్ల పేరు రాశారు. పట్టుకున్నవాళ్ల పేరు చూడాలి."

ఆమె చెప్పింది నిజం. కిషన్‌కి అక్కడికక్కడే తెలిసింది. బుచ్చమ్మ కుర్చీలు కూడా గుర్తొచ్చాయి.

"అవునమ్మా. గది చూడాలె. చూస్త."

"చూసేదాకా సార్‌కి చెప్పకండన్నా. నాది ఇంకా కన్ఫర్మ్ అవలేదు."

"నేనెందుకు చెప్తనమ్మా? ఫికర్ చెయ్యకు."

లంచ్‌కి ముందే ఎడిటర్లు వరుసగా పడిపోయాయి. అభిరామ్ చెంబు నింపుకుని కిషన్ టేబుల్ వైపు బయల్దేరాడు. సరిగ్గా అప్పుడే సత్యదేవ్ గదిలోంచి బయటికొచ్చాడు.

"కిషన్, పేర్లు చూపించే టూల్ ఏదో చేశావట?"

"చేసిన సార్. ఇంకా జెర..."

"వచ్చాయా పేర్లు?"

ఆఫీసు మొత్తం కుర్చీలు తిప్పుకుని చూస్తోంది. అభిరామ్ చెంబు పట్టుకుని నిలబడ్డాడు, చిల్లు మీద అతని సొంత వేలుంది, ముఖంలో విసుగుంది. "తొందరగా చెప్పు భాయ్, వేలు నొప్పెడుతోంది. నీ టేబుల్ మీద పెట్టనా, ఇంకెక్కడైనా పెట్టనా?"

ఇంకా చూడాలి సార్, ఇది తీసుకున్నవాళ్ల పేరు, పట్టుకున్నవాళ్ల పేరు కాదు, సాయంత్రం దాకా ఆగండి. అంతే చెప్పాల్సింది. ఒక వాక్యం. కిషన్ నాలుక మీదకి వచ్చింది కూడా. దాని వెనకే అరుగు మీద కూర్చున్న సోమయ్య కూడా వచ్చాడు.

"చదువమ్మా" అన్నాడు సత్యదేవ్ మెత్తగా.

"సగానికెక్కువ దేవిశ్రీ పేరు మీద ఉన్నయి సార్."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దీని దుర్మార్గమంతా అక్కడే ఉంది.

దేవిశ్రీ లేచి నిలబడింది. సత్యదేవ్ వైపు చూడలేదు, కిషన్ వైపు చూసింది. "అన్నా, పొద్దున అనుకున్నాం కదా. చెప్పండి."

కిషన్ తెరలో ఏదో చదువుతున్నట్టు వంగాడు. అక్కడ చదవడానికేమీ లేదు, అతని ఎడిటర్ కూడా పడిపోయి తెర నల్లగా ఉంది.

"చెంబు ట్రాన్స్‌ఫర్!" అని అరిచాడు అభిరామ్. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్లు ఒకే మనిషితో విసుగెత్తి ఉన్నారేమో, ఆ చప్పట్లలో కొత్త హుషారుంది. చెంబు దేవిశ్రీ చేతుల్లోకి వచ్చింది. ఏం చేయాలో తెలియక అందరూ చేసినట్టే అడుగున వేలు పెట్టింది. ఆమె వేలు సన్నం, చిల్లు పూర్తిగా మూయలేదు. నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారి, అక్కడి నుంచి చుక్కలుగా పడ్డాయి.

సత్యదేవ్ ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "నీలో టాలెంట్ లేదని కాదు దేవిశ్రీ. చిన్నదానివి, ఇంకా ఎన్నో అవకాశాలొస్తాయి. ఇవాళే అయితే నీకూ మంచిది, మాకూ మంచిది. సోమవారం వాళ్లకి నేను ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా."

"సార్, ఒక్కసారి ఎవరు పట్టుకుని ఉన్నారో..."

"నీళ్లు కారుతున్నాయి, జాగ్రత్త. కింద వైర్లున్నాయి."

ఆమె చెంబు ఇంకొంచెం ఎత్తి పట్టుకుంది. ఆ మాట కూడా పాటించింది. అతను లేచి వెళ్లిపోయాక కూడా ఎవరూ చెంబు తీసుకోలేదు. ఎడిటర్లన్నీ ఇంకా తెరుచుకోలేదు మరి, ఆచారం ఆచారమే. కాసేపటికి ఆమె తల తిప్పి, ఏమీ జరగనట్టే అడిగింది.

"అన్నా, కొంచెం నా బ్యాగ్ అందిస్తారా? చెయ్యి ఖాళీ లేదు."

కిషన్ లేచాడు. ఆమె కుర్చీకి తగిలించి ఉన్న బ్యాగు తీసి తెచ్చి, ఆమె భుజానికి తనే తగిలించాడు. లోపల టిఫిన్ డబ్బా కదిలింది. ఆ రోజు లంచ్ ఇంకా కాలేదు. అప్పుడు అభిరామ్ చెంబు తీసుకున్నాడు, ఆమె చేతులు చున్నీతో తుడుచుకుని మెట్లు దిగింది.

ఆ మధ్యాహ్నమే ఎడిటర్ మళ్లీ పడింది.

"పోతూ పోతూ శాపం పెట్టింది" అన్నాడు అభిరామ్. కానీ అతని చూపు మాత్రం చెంబు వైపూ, అక్కడి నుంచి కిషన్ వైపూ పోయింది. కిషన్ ఆ చూపు చూశాడు. అప్పుడు చేశాడు, పొద్దున చేయాల్సిన పని. మిగిలిపోయిన ఒక బుల్లి బొమ్మని పట్టుకుని, దాన్ని ఎవరు పట్టుకున్నారో చూశాడు. ఒక చెట్టు. ఎప్పుడో డిజైనర్ తీసేసిన చెట్టు. ఆ చెట్టుకి తనున్న రోడ్డు తెలుసు, ఆ రోడ్డుకి తన మీది చెట్లూ బండ్లూ బస్టాపులూ అన్నీ తెలుసు. ఒక్క చెట్టు పోకుండా ఆగితే దాని వెనక రోడ్డు మొత్తం ఆగిపోతుంది. మరి చెట్టుని ఎవరు పట్టుకున్నారు?

తెర మీద ఆఖరి వరుసలో ఒకే మాట ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగులో: ఉండనీ.

రోడ్డు మూస్తే అది ఖాళీ కావాలి. ఖాళీ చేసే లైను లేదు. రాశాననుకున్నాడు, రాయలేదు. ఎప్పుడన్నా అడుగుతారని దాచినవన్నీ, ఎవరూ అడగనివన్నీ, అలాగే ఉండిపోయాయి. చెంబు ఇన్నాళ్లూ సరైన టేబుల్ మీదే ఉంది. అభిరామ్ కళ్లు మూసుకుని వేసిన రాయి గురిగా తగిలింది, టూలు రాసి వేసిన సుద్దముక్క గురి తప్పింది.

కిషన్ ఒక్క లైను రాశాడు. ఎడిటర్‌ని నడవనిచ్చి చూశాడు. రోడ్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మెమరీ దిగింది. కుర్చీలన్నీ గోదాంకి వచ్చేశాయి. ఇక మిగిలింది ఒకటే. కోడ్‌లో ఏం మార్చినా, ఎందుకు మార్చాడో పక్కన ఒక ముక్క రాయాలి, అది అందరూ చదువుతారు. కిషన్ వేళ్లు కాసేపు ఆగాయి. తర్వాత టైపు చేశాయి: దేవిశ్రీ బొమ్మల కోడ్‌లో లీక్ సరిచేయడమైనది.

సోమవారం డెమో సాయంత్రం దాకా నడిచింది. ఎడిటర్ ఒక్కసారి కూడా పడలేదు. విదేశీయులు చేతులు కలిపారు. వాళ్లు వెళ్లాక సత్యదేవ్ కిషన్ భుజం మీద చెయ్యి వేసి అందరికీ చెప్పాడు. "చూశారా? మనిషి పోయింది, లీక్ పోయింది. ఇంతకంటే రుజువేం కావాలి?"

రుజువు నిజంగానే గట్టిది. ఆమె ఉన్నంతకాలం ఎడిటర్ పడింది, ఆమె పోయాక పడటం మానేసింది. ఆమె చేరకముందు కూడా పడేదని, ఆమె పోయిన మధ్యాహ్నం కూడా పడిందని ఎవరికీ గుర్తు రాలేదు. అభిరామ్ ఏకంగా కాళ్లకి దండం పెట్టబోయాడు. "సారీ భాయ్, ఇన్నాళ్లూ నిన్ను అనవసరంగా చెంబు భాయ్ అన్నాం. ఇక నుంచి చెంబు నీ దగ్గరే ఉంటుంది. ఎవరికివ్వాలో నువ్వే చెప్పు."

కిషన్ టూల్స్ హెడ్ అయ్యాడు. చెంబు అతని టేబుల్ కింది అరలోకి వెళ్లింది. ఎడిటర్‌లో ఎవరిదైనా తప్పు బయటపడితే అతను అర లాగేవాడు, ఆ చప్పుడుకే ఆఫీసు నవ్వడం మొదలుపెట్టేది. మొదట్లో మొహమాటంగా లాగేవాడు. తర్వాత అలవాటైంది. ఒకసారి ఒక కొత్త కుర్రాడు వేలు సరిగ్గా పెట్టకపోతే, "గట్ల కాదు రా, బొటనవేలు పెట్టు, నీళ్లు నిలుస్తయ్" అని నేర్పించాడు కూడా. అంతా బాగా నవ్వారు.

ఇంట్లో సంగతి చెప్పినప్పుడు సుకన్య టీ వడకడుతోంది.

"దొరికిందా మీ లీకు? ఎవరిదట?"

"ఒక పిల్లది. ఆంధ్రా పిల్ల. తీసేసిన్రు."

"అయ్యో పాపం." గ్లాసు అందిస్తూ ఆగింది. "మరి ఎవడు పట్టుకొని కూసున్నడు? నువ్వే చెప్పినవ్ గద, తీస్కపోయినోడు కాదు, పట్టుకొని కూసున్నోడే లీకు అని."

కిషన్ టీ ఊదుకున్నాడు. అరుగు మీద నుంచి సోమయ్య గొంతు లోపలికి వచ్చింది. "ఏందే నీ లొల్లి? పేరుంది, పట్టుకున్నరు, తీసేసిన్రు. మావోడు ఇప్పటికి నా కొడుకనిపించుకున్నడు."

దేవిశ్రీ ఫోన్ చేసింది చాలా రోజుల తర్వాత. కిషన్ అప్పుడు టీ తాగడానికి కిందికి దిగి పంపుల షాపు ముందు నిలబడి ఉన్నాడు. లోపల ఎవరో పైపుకి సబ్బు నురగ రాస్తున్నారు. ఫోన్‌లో ఆమె వెనక నుంచి బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

"అన్నా, బాగున్నారా?"

"ఆ... బాగనే ఉన్న అమ్మా. నువ్వు?"

"ఉన్నానన్నా. ఒకచోట ఇంటర్వ్యూ బాగా అయింది, తీసుకుంటామన్నారు. తర్వాత సత్యదేవ్ సార్‌కి ఫోన్ చేశారంట. మెమరీ లీక్ చేసిన అమ్మాయి అని చెప్పారంట సార్. వద్దన్నారు." ఏడుపు లేదు గొంతులో, అలసట ఉంది. "ఇది రెండోసారన్నా. నేను మిమ్మల్ని ఏమీ అనను. ఆ రోజు మీ ఇబ్బంది మీకుంది, నాకు తెలుసు. ఒక్కటే అడుగుదామని. మీరు తర్వాత చూస్తానన్నారు కదా. చూశారా? ఎవరు పట్టుకుని ఉన్నారు?"

షాపులో పైపు మీద బుడగ లేచింది. రాస్తున్నవాడు వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ అన్నాడు.

"సార్‌కి ఒక్క మాట చెప్తే చాలన్నా. నాది కాదని. ఎవరిదో కూడా చెప్పక్కర్లేదు."

"గిప్పుడు ఎందుకమ్మా గవన్నీ?" అన్నాడు కిషన్. గొంతు మెత్తగా, సత్యదేవ్ గొంతులా వచ్చింది. "అయిపోయింది గద. ఎడిటర్ మంచిగ నడుస్తున్నది. మళ్ల కదిలిస్తే అందరికీ పరేషాన్. ఉండనీ."

కిషన్ లైను పోయిందేమో అనుకున్నాడు. హారన్లు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

"అదేనా అన్నా?" అంది దేవిశ్రీ.

"ఏదమ్మా?"

"ఆ ఉండనీయేనా?"

కిషన్ బొటనవేలు ఫోన్ మీద ఎర్ర గుర్తు వెతుక్కుంటోంది.

"సరేనన్నా, బస్సొచ్చింది. పెట్టేస్తున్నా" అంది ఆమె. "చెయ్యి ఖాళీ లేదు."